కొలతకు నిలిచిన కాంతి: గోదావరి తీరమున ఛాయాచిత్రముల దిద్దుబాటు చరిత్ర

అఖండ గోదావరి పాపికొండల నడుమనుండి వెలువడి, రాజమహేంద్రవరపు రేవులను తాకి, ధవళేశ్వరము కడ గౌతమీ వసిష్ఠలుగా చీలి సముద్రాభిముఖమై సాగు తావున, ఏటేట వరదల కాలమున తీరవాసుల చూపులన్నియు ఆనకట్టకడ నున్న నీటిమట్టపు కొలబద్దమీదనే నిలిచియుండును. నీరు 11.75 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 13.75 అడుగులకు చేరినపుడు రెండవదియు, 17.75 అడుగులకు చేరినపుడు మూడవదియు వెలువడుట ఇచటి పరిపాటి. గట్టుమీద నిలిచి ఎర్రనీటి వెల్లువను చూచువానికి, అది ఉదయముకంటె సాయంకాలమునకు జానెడు పెరిగినదో, బెత్తెడు తగ్గినదో కంటితో తేల్చుట దుష్కరము. భయమున్నవానికి పెరిగినట్లును, ఆశయున్నవానికి తగ్గినట్లును తోచును. అందుచేతనే ఈ తీరమున కంటి సాక్ష్యమునకు తోడుగా కదలని కొలత యొకటి నెలకొల్పబడినది.

ఛాయాచిత్రములను తీసి, దిద్ది, అచ్చువేసి జీవించు వృత్తియందును ఇట్టి కొలత యొక్క ఆవశ్యకత ఆదినుండియు కలదు. నేడు రాజమహేంద్రవర ధవళేశ్వర ప్రాంతములలో పెండ్లి ఆల్బములు కూర్చు యువకులు ఏ మానిటరు కొనవలెనని, ఫోర్ కే మానిటరు నిజముగా అవసరమేనా యని ఆలోచించుచున్నారు. ఆ ప్రశ్నకు తగిన సమాధానము అంగడిలోని ధరల పట్టికయందు దొరకదు. ఈ వృత్తి నడచివచ్చిన మార్గమును పరిశీలించినచో దొరకును.

ఆ మార్గమును ఆనకట్ట కట్టిన కాలమునుండి చూతము. సర్ ఆర్థర్ కాటన్ నాయకత్వమున, వీణెం వీరన్నగారి వంటి దేశీయుల అండతో, ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు ఖండములుగా ఆనకట్ట నిర్మాణము 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. డాగేరు కనిపెట్టిన ఛాయాచిత్ర విధానము ఫ్రాన్సు దేశమున 1839లోనే లోకమునకు వెల్లడియైనను, గాజుపలకమీద సూక్ష్మాంశములతో చిత్రమును నిలిపి, దానినుండి ఎన్ని ప్రతులనైనను తీయగల కొలోడియన్ పద్ధతిని ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించినది 1851లో, అనగా మన ఆనకట్ట పూర్తియగుటకు ఒక్క సంవత్సరము ముందు మాత్రమే. కావున కాటన్ దొర కాలపు ఇంజనీర్లకు ప్రధానమైన చిత్రసాధనము గీతపటమే. ఆ గీతపటమునందు ప్రతి రేఖకును కొలమానము తోడుగా నుండెను. ఛాయాచిత్రము వచ్చినపుడు గీతపటమునకు లేని సజీవత్వము వచ్చినది గాని, దాని వెలుగు నీడలకు కొలమానము వెంటనే రాలేదు.

మన దేశభాగము చేరియుండిన మదరాసు రాజధానిలో ఈ విద్యకు 1850వ దశకమున పునాదులు పడినవి. 1850లో మదరాసున చిత్రకళాపాఠశాలను స్థాపించిన అలెగ్జాండర్ హంటర్ ప్రోత్సాహమున 1856లో మదరాసు ఫొటోగ్రాఫిక్ సొసైటీ వెలసినది. ఆ కాలముననే రాజధాని ప్రభుత్వమునకు ఛాయాచిత్రకారుడుగా నియుక్తుడైన లిన్నేయస్ ట్రైప్ దక్షిణదేశపు దేవాలయములను, కోటలను చిత్రించుచు, తన కాగితపు నెగటివులపై స్వహస్తముతో రంగుపూసి ఆకాశమున మేఘములను కల్పించెడివాడు. ఆనాటి రసాయనపు పూతలు నీలవర్ణమునకు అత్యధికముగా స్పందించుటచే ఆకాశమంతయు ప్రతిలో వట్టి తెలుపుగా మిగిలిపోవుచుండెను. కంటికి కనబడిన మేఘములు కాగితమున లోపించుచుండెను. దిద్దుబాటు అనునది ఛాయాచిత్రమునకు తరువాతి కాలమున అంటుకొన్న అలంకారము కాదనియు, యంత్రము చూపలేకపోయిన దానిని మానవహస్తము పూరించుటకై తొలినాళ్లనుండియు దానితో నడచివచ్చినదనియు దీనివలన స్పష్టమగుచున్నది.

1855లో పారిస్ నగర ప్రదర్శనయందు మ్యూనిక్ వాసియైన ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టేంగల్ దిద్దిన నెగటివును, దానితోకూడ దిద్దకముందును దిద్దిన పిమ్మటను తీసిన ప్రతులను ప్రదర్శింపగా ప్రేక్షకులు విస్మితులైరని చరిత్రకారులు చెప్పుదురు. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ జెలటిన్ పూతగల పొడిపలకలకు మార్గము చూపిన తరువాత, చీకటిగుడారమును వెంటబెట్టుకొని తిరుగవలసిన అవస్థ తప్పి, పట్టణములందు స్టూడియోలు స్థిరపడుటకు వీలు కలిగినది. తెలుగుదేశమున 1886లో సికిందరాబాదున స్టూడియో తెరచి, 1892లో హైదరాబాదున అంతఃపుర స్త్రీలకొరకు ప్రత్యేకముగా మరియొక స్టూడియో నెలకొల్పిన రాజా దీన్‌దయాళ్ ఖ్యాతి జగద్విదితము. మచిలీపట్టణమున జన్మించి, మదరాసులో ఛాయాచిత్రశాలను నడపి, పిదప చలనచిత్రములకు పూనుకొని తెలుగు సినిమాకు పితామహుడని కీర్తింపబడిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు కూడ ఈ వృత్తిలోనుండి వచ్చినవారే.

ఆనాటి స్టూడియోలలో చిత్రమును తీయువానికి ఎంత విలువ కలదో, నెగటివుకు టచింగు చేయువానికిని అంత విలువ కలదు. టచింగు బల్లయనగా ఏటవాలుగా నిలిపిన చట్రము. దాని నడుమ గరుకు గాజు. దానికి క్రిందుగా కిటికీ వెలుగును పైకి మరలించు అద్దమో, తెల్లని కాగితమో. పైన పనివాని కన్నులలో ఇతరకాంతి పడకుండ కప్పు. గాజుపలకను ఆ గరుకు గాజుపై నిలిపి, పెన్సిలు పట్టుటకై పల్చని మెరుగుపూత నొకదానిని పూసి, సూదివలె చెక్కిన పెన్సిలుతో మచ్చలను, ముడుతలను చుక్కలు చుక్కలుగా పూరించెడివారు. ఎక్కడనైన నలుపు మిక్కుటమైనచో సన్నని కత్తితో గీకి తీసెడివారు. నెగటివుమీది నలుపు ప్రతిలో తెలుపగును గనుక, పనివాడు తలక్రిందులైన వెలుగు నీడలను చూచుచు సరియైన వెలుగు నీడలను మనస్సున ఊహించుకొనవలసియుండెను. నేరుటెండ తగులని ఉత్తరపు కిటికీని ఈ పనికి ఏరుకొనుటలో గొప్ప వివేకము కలదు: ఉదయమునుండి సాయంకాలమువరకు అధికముగా మారని కాంతి, పలక నాలుగు మూలలను సమముగా తాకు కాంతి, రంగు కలియని కాంతి ఆ పనికి ప్రాణము. ఆ గరుకు గాజే నేటి మానిటరుకు మూలపురుషుడు. దానికి కావలసిన గుణములే నేటి మానిటరుకును కావలసిన గుణములు.

రసాయనముల పక్షపాతము మన దేశమున విశేషముగా బాధించినది. కేవలము నీలమునకు స్పందించు పలకలమీద పసుపును ఎరుపును నలుపుగా దిగుట సహజము. అందుచే పసుపు రాసుకొన్న ముత్తైదువ మోము ఉన్నదానికంటె చామనగా మారి, ఆమె నుదుటి కుంకుమ నల్లని బొట్టుగా కనబడెడిది. 1873లో హెర్మన్ ఫోగెల్ కొన్ని వర్ణద్రవ్యముల చేర్పుతో ఆకుపచ్చను, పసుపును గ్రహింపజేసినను, ఎరుపు మాత్రము చాలకాలము నలుపుగానే మిగిలినది. సకలవర్ణగ్రాహులైన పలకలు అంగడికి వచ్చుట ఇరువదవ శతాబ్ది ఆదిని జరిగినది. కావున మన స్టూడియోలలో ముఖమును తేలికపరచుటయు, ప్రతిపై నీటిరంగులతోనో తైలవర్ణములతోనో చీరకును, పూలకును, తిలకమునకును రంగులద్దుటయు కేవలము మెప్పించుటకై చేసిన పనిగా భావించుట న్యాయము కాదు. రసాయనము అపహరించిన సత్యములో కొంతభాగమును ఆ కుంచె తిరిగి ఇంటివారికి అప్పగించినది.

రంగు విషయమున గోదావరీతీరమునకు స్వకీయమైన సంస్కారము కూడ కలదు. 1897లో రాజమహేంద్రవరమున జన్మించిన దామెర్ల రామారావుగారు, అచటి కళాశాలాధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రేరణతో బొంబాయి జె.జె. కళాశాలకేగి చిత్రకళ నభ్యసించి, స్వస్థలమునకు మరలివచ్చి ఆంధ్ర చిత్రకళకు నూతనోత్తేజము కల్పించి, 1925లో తన ఇరువదియెనిమిదవ యేటనే అస్తమించిరి. ఆయన పేరిటి చిత్రశాల నేటికిని రాజమహేంద్రవరమున కలదు. చిత్రకారుడు తన పటమును పగటి వెలుగులో చూచును. అదే పగటి వెలుగులో దానిని చూచువారును చూతురు. ఇరువురి నడుమ వేరొక యంత్రము లేదు. ఛాయాచిత్రకారునికి ఈ భాగ్యము లేకపోయినది. రామారావుగారు జన్మించిన 1897వ సంవత్సరముననే జర్మనీలో ఫెర్డినాండ్ బ్రౌన్ ఋణధ్రువ కిరణములు తాకినచోట వెలుగునట్టి గాజుగొట్టమును నిర్మించెను. దూరదర్శనమునకును, పిమ్మట కంప్యూటరు తెరకును అదియే జన్మస్థానము.

ఆ తెర ఛాయాచిత్రకారుని బల్లమీదికి వచ్చులోగా మరియొక మార్పు జరిగినది. 1935లో కోడాక్రోమ్, 1942లో కోడాకలర్ వెలువడి వర్ణచిత్రములకు దారితీసినవి. మన దేశమున 1960లో ఉదకమండలమున స్థాపితమైన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ 'ఇందు' పేరిట అందించిన నలుపు తెలుపు సరకుతో చిన్న పట్టణముల స్టూడియోలు చాలకాలము జరుపుకొన్నవి. ఆ పిమ్మట వర్ణచిత్రములు పెండ్లిపందిళ్లను ఆక్రమించినవి. నలుపు తెలుపు ప్రతిని స్టూడియోవాడు తన చీకటిగదిలో తానే కడిగి, తానే అచ్చువేసి, తానే దిద్దెడివాడు. వర్ణచిత్రముల నెగటివు నారింజవర్ణపు పొరతో నుండుటచే దానిని చూచి రంగును నిర్ణయించుట అసాధ్యమైనది. ఫిల్ము పట్టణమునందలి కలర్ ల్యాబుకు పోయినది. వధువు చీర రంగును పందిటిలో కన్నులార చూచినవాడొకడు, దానిని కాగితముమీద నిర్ణయించువాడు మరియొకడు అయిరి. శతాబ్దకాలముగా టచింగు బల్ల మీద నిలిచిన అధికారము ఛాయాచిత్రకారుని చేతినుండి జారిపోయిన కాలమది.

ఆ అధికారమును తిరిగి తెచ్చినది కంప్యూటరు. టామస్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఫొటోషాప్ 1990లో వెలువడినది. తరువాతి దశకమున డిజిటల్ కెమెరాలు మన పెండ్లిండ్లకు ప్రవేశించినవి. కరిజ్మా ఆల్బములు వాడుకలోనికి వచ్చినవి. అయితే అధికారముతోకూడ బాధ్యతయు వచ్చినది. ఆ బాధ్యతను మోయదగిన తెరలు మాత్రము వెంటనే రాలేదు. గాజుగొట్టపు మానిటరు ఏ ప్రక్కనుండి చూచినను రంగు మారనిదేగాని, వాడగా వాడగా వెలుగు క్షీణించునది. దాని తరువాత వచ్చిన చవక పలకతెరలలో, టీఎన్ అను జాతికి చెందినవానిలో, చూచు కోణము మారినచో రంగే మారును: కుర్చీలో కూర్చున్న డిజైనరుకు ఒక తీరుగను, అతని వెనుక నిలిచిన పెండ్లికుమార్తె తల్లికి వేరొక తీరుగను అదే పట్టుచీర కనబడుటయు, అచ్చైన పిమ్మట ఇరువురికిని అసంతృప్తి కలుగుటయు ఆ తెరల ఫలితమే. ఈ లోపమును సవరించుటకై హిటాచీ సంస్థ 1996లో ఐపీఎస్ పలకలను విపణికి తెచ్చినది. అదే సంవత్సరమున హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలసి ఎస్‌ఆర్‌జీబీ అను వర్ణపరిధిని ప్రతిపాదించినవి. 1998లో అడోబీ ఆర్‌జీబీ వచ్చినది. మానవనేత్రము గ్రహించు వర్ణములను అంకెలలోనికి దించుటకు 1931లోనే అంతర్జాతీయ కాంతిసంఘము వేసిన పటమే వీనికి ఆధారము. గీతపటమునకు ఆదినుండి కలిగి, ఛాయాచిత్రమునకు లేకపోయిన కొలమానము ఇట్లు చిరకాలమునకు సమకూరినది.

సూక్ష్మత విషయమున 2001లో ఐబీఎమ్ సంస్థ 3840 × 2400 పిక్సెళ్లుగల 22 అంగుళముల తెరను ప్రకటించినది గాని, దాని వెల సామాన్య వృత్తికారులకు అందనిది. నేడు అందుబాటునకు వచ్చిన ఫోర్ కే తెరయందు 3840 × 2160, అనగా 82,94,400 పిక్సెళ్లు కలవు. పూర్వపు ఫుల్ హెచ్‌డీ తెరయందు 20,73,600 మాత్రమే. 6000 × 4000 పిక్సెళ్లుగల కెమెరా చిత్రమును పిక్సెలుకు పిక్సెలుగా తెరచినచో, ఫుల్ హెచ్‌డీ తెర దానిలో పదునొకండవ వంతునైన చూపజాలదు. ఫోర్ కే తెర మూడవ వంతునకు పైగా చూపును. 12 × 36 అంగుళముల ఆల్బము జంటపుట నొకదానిని అంగుళమునకు 300 చుక్కల వంతున లెక్కించినచో 3,88,80,000 పిక్సెళ్లగును. అట్టి జంటపుటను చిన్న తెరమీద కూర్చువాడు ముఖములను చూచునపుడు కూర్పును కోల్పోవును, కూర్పును చూచునపుడు ముఖములను కోల్పోవును. రెండడుగుల దూరమునుండి సామాన్యనేత్రము అంగుళమునకు సుమారు 145 చుక్కలవరకు విడివిడిగా గుర్తింపగలదు. 27 అంగుళముల ఫోర్ కే తెరయందు అంగుళమునకు 163 కలవు. కనుక ఆ పరిమాణమున ఆ సూక్ష్మత కంటికి సంపూర్ణముగా చాలును. దానిని వాడుటకు కంప్యూటరుకు హెచ్‌డీఎమ్ఐ 2.0 గాని, డిస్‌ప్లేపోర్టు 1.2 గాని, వానికి పైబడినది గాని ఉండవలెను. పాతదానితో తెర మందగించును.

ఐనను సూక్ష్మత యొక్కటే చాలదని ఈ వృత్తి చరిత్ర ఘోషించుచున్నది. టచింగు బల్లవాడు ఉత్తరపు కిటికీని కోరినట్లు, మనము మొదట కోణము మారినను రంగు మారని ఐపీఎస్ పలకను, నాలుగు మూలల సమముగా వెలుగు తెరను కోరవలెను. అంగడిలో తెరనిండ బూడిదవర్ణమును నింపి చూచినచో మూలల మరకలు తెలిసిపోవును. ప్రక్కలనుండియు పైనుండియు చూచినచో పలకజాతి తెలిసిపోవును. తరువాత వర్ణపరిధి: ఫోనులలో చూచు చిత్రములకును, సాధారణ ల్యాబులకు పంపు ఆల్బములకును ఎస్‌ఆర్‌జీబీని సంపూర్ణముగా చూపు తెర చాలును. కోనసీమ వరిచేల పచ్చదనమును, కడియపు నర్సరీల మొక్కల వన్నెలను ఉన్నతశ్రేణి ఇంకుజెట్ ముద్రణకు సిద్ధపరచువారికి అడోబీ ఆర్‌జీబీ పరిధిగల తెర మేలు; ఏలయన పచ్చలయందు దాని విస్తారము అధికము. కాని విశాలపరిధి తెరను వర్ణనిర్వహణ లేక వాడినచో రంగులు లేనిపోని గాఢతతో కనబడి, దిద్దువాడు వానిని అనవసరముగా తగ్గించును. ఉప్పాడ చీర ముద్రణలో వెలసిపోవును. వర్షాకాలపు మబ్బులవంటి క్రమవర్ణములు మెట్లు మెట్లుగా చీలకుండుటకు, ఒక్కొక్క వర్ణమునకు 256 అంతరువులు మాత్రమే గల 8 బిట్ల తెరకంటె 1024 అంతరువులు గల 10 బిట్ల తెర ఉపకరించును.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది, కొలత. ఎట్టి మానిటరైనను కర్మాగారమునుండి వచ్చునపుడు అంగడిలో ఆకర్షించునంతటి తీక్ష్ణకాంతితో వచ్చును. ఆ కాంతిలో దిద్దిన చిత్రము కాగితమున చీకటిగా దిగును. దోషము తెరదికాగా నింద ల్యాబుమీద పడును. తెరపై ఆన్చి రంగులను కొలుచు క్యాలిబ్రేటరు పరికరము నొకటి సంపాదించి, తెలుపును 6500 కెల్విన్లకును, నడిమి ఛాయల వెలుగును నిర్ణయించు గామాను 2.2కును, వెలుగును చదరపు మీటరునకు 80 నుండి 120 క్యాండిలాల నడుమకును కుదిర్చి, మాసమున కొకసారి తిరిగి సరిచూచుకొనవలెను. కొలతకు ముందు తెర అరగంటయైనను వెలుగుచుండవలెను. గది గోడలు గాఢవర్ణములు లేక బూడిదగనో తెల్లగనో ఉండవలెను. తెరపై ఎండగాని దీపకాంతిగాని పడరాదు. డెల్టా ఈ అని సాంకేతికులు చెప్పు వర్ణదోషము 2కు లోబడియున్నచో, సామాన్యనేత్రము దానిని గుర్తింపజాలదని భావింపవచ్చును.

ధనము పరిమితమైనపుడు దేనిని వదలుకొనవలెను? కొలత లేని ఫోర్ కే తెరకంటె కొలతకు నిలిచిన 2560 × 1440 తెర శ్రేష్ఠమని నా నిశ్చితాభిప్రాయము. సూక్ష్మత తగ్గినచో చిత్రమును పెద్దది చేసి భాగములుగా చూడవచ్చును. రంగు తప్పినచో, తప్పిన సంగతియే తెలియదు. ఇది పెండ్లి ఆల్బములకు మాత్రమే సంబంధించిన మాట కాదు. ఈ తీరమున ఎన్నో యిండ్లలో తాతముత్తాతల చిత్రములు చట్రములలో పసుపువన్నెకు తిరిగి, చెమ్మకు మరకలు కట్టి క్షీణించుచున్నవి. వానిని స్కాను చేసి పునరుద్ధరించు పని నేటి యువకుల చేతులలోనికి వచ్చినది. తప్పు తెరమీద దిద్దిన ప్రతి ఆ వంశమునకు ఇకమీదట ప్రమాణమై నిలుచును. మూలము నశించిన పిమ్మట సవరించుటకు ఆధారముండదు. కావున మానిటరు కొనదలచిన సోదరులారా, మొదట క్యాలిబ్రేటరుకు ధనమును ప్రక్కన నుంచుడు. పిమ్మట మంచి ఐపీఎస్ పలకను ఎన్నుకొనుడు. ఆ రెండును సమకూరిన తరువాత మిగిలిన ధనమునకు ఎంత సూక్ష్మత లభించునో అంత తీసికొనుడు. ఈ క్రమమును తారుమారు చేయకుడు.